సభల్లో తీసిన ఫోటోలకి నాయిస్ రిడక్షన్ డిఫాల్ట్ ఎలా పెట్టుకోవాలి

కార్డు కంప్యూటర్‌లో పెట్టి ఇంపోర్ట్ నొక్కగానే, మనం ఒక్క ఫోటో తెరిచి చూడకముందే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ప్రతి దాని మీదా ఎంతో కొంత నాయిస్ రిడక్షన్, అంటే చుక్కలుగా, మచ్చలుగా కనబడే గరుకుని తగ్గించే దిద్దుబాటు, వేసేస్తుంది. ఎంత వేయాలన్నది దాన్ని తయారుచేసిన కంపెనీ ముందే అనుకుని పెట్టింది, దాన్నే డిఫాల్ట్ అంటాం. ఆ కంపెనీకి మీ కెమెరా తెలుసు, మీరు తీసే చోటు తెలియదు. మైలాపూర్‌లో సాయంత్రం ఆరున్నర ప్రదర్శనకి స్టేజి మీద ఎంత వెలుతురు పడుతుందో, తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలిచిన పాదాలకి పారాణి ఎంత ఎర్రగా కనబడాలో వాళ్ళ లెక్కలో లేదు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. ఒక ఆదివారం తీరిగ్గా కూర్చుంటే అయిపోతుంది.

నేను చెన్నైలో సభల్లో, అంటే సంగీత నాట్య సంస్థల వేదికల మీద, నాట్య ప్రదర్శనలు, కచేరీలు, అరంగేట్రాలు తీస్తాను. మాది నెల్లూరు. వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది చెన్నైలోనే కాబట్టి, కూచిపూడి నేర్చుకునే తెలుగు పిల్లలకి, వాళ్ళని తీసే మాకు ఇక్కడ పని ఎప్పుడూ ఉంటుంది. ధనుర్మాసం వస్తే ఇక చెప్పక్కర్లేదు. పొద్దున ఒక సభ, సాయంత్రం ఇంకో సభ, రాత్రి ఇంటికొచ్చి వందల ఫోటోలు. అన్నిటినీ ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ కూర్చోవడం కుదరదు. అందుకే డిఫాల్ట్ సరిగ్గా ఉండటం నాకు చాలా ముఖ్యం.

నా పద్ధతి ముందే చెప్పేస్తాను. ఏ ఫోటోలోనూ ఎవరికీ అక్కర్లేని దాన్ని మాత్రమే డిఫాల్ట్ తీసేయాలి. రంగు మచ్చలు ఎవరికీ అక్కర్లేదు, వాటిని పూర్తిగా తీసేయనివ్వండి. సన్నటి గ్రెయిన్‌ని, అంటే ఇసక చల్లినట్టుండే గరుకుని, కొంచెం తగ్గించి వదిలేయాలి. ఆ కొంచెం కూడా ఐఎస్ఓని (తక్కువ వెలుతురులో తీయడానికి కెమెరాలో పెంచుకునే అంకెని) బట్టి మారాలి. అంతకు మించి చేయాల్సింది ఏదైనా ఉంటే ఆ ఫోటో చూసి మన చేత్తో చేద్దాం.

సభలో నాయిస్ ఎందుకొస్తుంది

ఐఎస్ఓ పెంచితే నాయిస్ వస్తుందని అందరం అంటాం. అసలు కారణం వెలుతురు తక్కువ కావడం. కెమెరా సెన్సర్ మీద కాంతి కణాలు (ఫోటాన్లు) వానచినుకుల్లా అక్కడొకటి ఇక్కడొకటి పడతాయి, సమానంగా పడవు. ఒక పిక్సెల్‌లో సగటున 10,000 ఫోటాన్లు పడితే తేడా సుమారు 100, అంటే ఒక శాతం. అదే 100 ఫోటాన్లే పడితే తేడా 10, అంటే పది శాతం. ఆ పది శాతమే మనకి గరుగ్గా కనబడుతుంది. దీనికి తోడు కెమెరా ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే నాయిస్ కొంత ఉంటుంది, అది చీకటి భాగాల్లో బయటపడుతుంది.

సభల్లో ఫ్లాష్ వేయనివ్వరు, వేయకూడదు కూడా. జతుల మీద పాదాలు, చేతులు ఆగి కనబడాలంటే షటర్ 1/500 దగ్గర ఉండాలి. అభినయానికి 1/200 చాలు. లెన్స్ ఎఫ్/2.8 పూర్తిగా తెరిచినా ఐఎస్ఓ 3200 నుంచి 6400 మధ్యలోనే తిరుగుతుంది.

పైగా ఈమధ్య అన్ని స్టేజిల మీదా రంగు ఎల్ఈడీలు. మన సెన్సర్లలో ఎక్కువ శాతం బేయర్ అమరికలో ఉంటాయి. ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎర్ర లైటు కింద ఎరుపు పిక్సెళ్ళు నిండిపోతాయి, మిగతా మూడూ దాదాపు ఖాళీగా ఉంటాయి. తర్వాత మనం వైట్ బ్యాలెన్స్ సరిచేసి చర్మం రంగు మామూలుగా తెద్దామని చూస్తే, ఆ ఖాళీ పిక్సెళ్ళనే లాగి పెంచాల్సి వస్తుంది. నాయిస్ అంతా పైకి తేలుతుంది. పాత పసుపు బల్బుల కింద నీలం పిక్సెళ్ళకి ఇదే గతి. ఒకే సాయంత్రం, ఒకే ఐఎస్ఓలో తీసిన ఫోటోల్లో ఒకటి శుభ్రంగా, ఇంకోటి మచ్చలమచ్చలుగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడే ఇంకో మాట. ఫోటో అడ్డంగా చారలు చారలుగా వస్తే అది నాయిస్ కాదు, ఎల్ఈడీ మినుకుమినుకుమనడం వల్ల వచ్చేది. ఏ నాయిస్ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. మెకానికల్ షటర్‌కి మారండి, షటర్ వేగం తగ్గించి చూడండి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి.

పరీక్ష ఫోటోలు

డిఫాల్ట్ అమర్చుకోవడానికి ఇంట్లో గోడని తీస్తే ఉపయోగం లేదు. మీరు మామూలుగా తీసే చోటే తీయాలి. రిహార్సల్‌కి వెళ్ళినప్పుడు ఐఎస్ఓ 400, 1600, 3200, 6400, 12800లలో ఒక్కో ఫోటో రా ఫైల్‌గా (కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైల్‌గా) తీసుకోండి. ఐఎస్ఓ పెంచిన కొద్దీ షటర్ కూడా వేగం చేసుకుంటూ పోవాలి. లేకపోతే అన్నీ ఒకేలా ఎక్స్‌పోజ్ కావు, పరీక్షకి అర్థం ఉండదు.

ఫ్రేములో ఏముండాలో కూడా చూసుకోండి. నేను తప్పకుండా పెట్టుకునేవి మొహం, జరీ అంచు, నల్లటి జడలో మల్లెపూలు, వెనక చీకటి తెర. కచేరీ అయితే తంబురా తీగలు, మృదంగం మీద నల్లటి పూత (కరణి). తెర నాయిస్‌ని చూపిస్తుంది. మిగతావన్నీ నాయిస్ తీసేటప్పుడు మనం ఏం పోగొట్టుకుంటున్నామో చూపిస్తాయి. తెర ఒక్కటే చూసుకుంటూ స్లైడర్ లాగే వాళ్ళు ఎప్పుడూ ఎక్కువ లాగేస్తారు.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో

ఇది అడోబీ కంపెనీది, ఎక్కువమంది వాడేది ఇదే కాబట్టి దీని గురించే వివరంగా చెప్తాను. రా ఫైళ్ళకి అడోబీ డిఫాల్ట్‌లో లూమినెన్స్ (గ్రెయిన్‌ని తగ్గించేది) 0, కలర్ (రంగు మచ్చల్ని తీసేది) 25, షార్పెనింగ్ (పదును పెట్టేది) 40 ఉంటాయి. ఐఎస్ఓ 100కైనా 12800కైనా ఇవే అంకెలు. మనకి పనికిరానిది ఇదే. తక్కువ ఐఎస్ఓకి ఆ 40 షార్పెనింగ్ బాగుంటుంది, 6400 దగ్గర అదే షార్పెనింగ్ గ్రెయిన్‌ని కూడా పదును పెట్టేస్తుంది.

డెవలప్ అనే విభాగంలో ఫోటో తెరిచి జూమ్ 100 శాతానికి పెట్టండి. ఫోటో మొత్తం స్క్రీన్‌లో పట్టేలా చూస్తూ ఈ స్లైడర్లు కదపకండి, అప్పుడు కనబడేది నిజం కాదు.

ముందు కలర్ స్లైడర్. దాన్ని 0కి తెచ్చి తెర వైపు చూడండి. ఎర్రవి, పచ్చవి, ఊదావి చుక్కలు కనబడతాయి. మెల్లగా పెంచుకుంటూ అవి మాయమైన చోట ఆపండి. మామూలుగా 25 దగ్గరే పోతాయి. 12800కి 35, 40 దాకా వెళ్ళాల్సి రావచ్చు. చుక్కలు పోయి పెద్ద పెద్ద మరకలు మిగిలితే కలర్ స్లైడర్‌ని ఇంకా తొయ్యకుండా, కింద ఉన్న స్మూత్‌నెస్ పెంచండి. కలర్ అతిగా పెంచితే రంగులు పక్కకి పాకుతాయి. ఎర్ర పట్టు మీద సన్నటి ఆకుపచ్చ గీత ఉంటే అది వెలిసిపోతుంది, పారాణి అంచు చెదురుతుంది. నాట్యం తీసే వాళ్ళు ముందుగా కనిపెట్టాల్సింది అదే.

తర్వాత లూమినెన్స్. ఇక్కడ చేయి ఆగాలి. నా ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి నేను పెట్టుకున్నవి ఇవి: ఐఎస్ఓ 400కి 0, 1600కి 8, 3200కి 15, 6400కి 25, 12800కి 35. ఏపీఎస్-సీ, అంటే అంతకన్నా చిన్న సెన్సర్ అయితే ఒక మెట్టు పైనుంచి మొదలుపెట్టండి, అంటే మీ 3200కి నా 6400 అంకె. ఇవి మీకు సరిగ్గా సరిపోతాయని నేను అనను. వీటి దగ్గర మొదలుపెట్టి మీ ఫోటోలో కనురెప్పలు, జరీ చూసుకుంటూ తగ్గించుకోండి. లూమినెన్స్ కింద డీటెయిల్ అని ఒకటి ఉంటుంది, అది మొదట 50లో ఉంటుంది. దాన్ని 60 చేస్తే జరీ నిలుస్తుంది, కాకపోతే తెరలో చిన్న చిన్న చుక్కలు మళ్ళీ తేలతాయి. నేను జరీకే ఓటేస్తాను.

నాకు తెలిసిన ఒక నాట్య గురువు గారు ఫోటోలు చూసేటప్పుడు అద్దాలు తీసి, ప్రింట్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు మాత్రమే చూస్తారు. ‘అమ్మాయ్, పిల్ల మొహం తెల్లగా నున్నగా ఉండక్కర్లేదు నాకు. చూపు ఎటు పోతోందో తెలియాలి’ అంటారు. చూపు తెలియాలంటే కాటుక గీత కొస, రెప్ప నీడ, కంటిలో లైటు చుక్క ఉండాలి. లూమినెన్స్ 50 దాటిస్తే ముందు పోయేవి ఇవే. గ్రెయిన్ ఉన్న ఫోటోని ఆవిడ ఎప్పుడూ తప్పుపట్టలేదు.

ఈ అంకెలన్నిటినీ చివర్లో ప్రీసెట్‌గా, అంటే ఒక్క నొక్కుతో వేసుకునే కట్టగా, దాస్తాం. షార్పెనింగ్ కూడా అందులోనే కలపాలి. ఐఎస్ఓ 6400 ఫోటోకి అమౌంట్ 30 చేసి, మాస్కింగ్ స్లైడర్‌ని ఆల్ట్ కీ నొక్కిపట్టుకుని లాగండి, మ్యాక్ అయితే ఆప్షన్ కీ. స్క్రీన్ నలుపు తెలుపు అవుతుంది. తెల్లగా ఉన్న చోటే పదును పడుతుంది. తెర, చర్మం నల్లబడి, కళ్ళు, నగలు, వేళ్ళ అంచులు మాత్రం తెల్లగా మిగిలిన చోట ఆపండి. నాకది 60 దగ్గర కుదురుతుంది.

అయిదు ఫోటోలకీ ఇలా పెట్టాక అయిదింటినీ కలిపి సెలెక్ట్ చేసుకోండి. ప్రీసెట్స్ పక్కన ప్లస్ గుర్తు నొక్కి, క్రియేట్ ప్రీసెట్‌లోకి వెళ్ళి ముందు అన్ని టిక్కులూ తీసేయండి. షార్పెనింగ్, నాయిస్ రిడక్షన్ ఈ రెండే టిక్ చేయండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ పొరపాటున కూడా అందులోకి రాకూడదు. వస్తే రిహార్సల్ రోజు లైటింగ్ మీ ప్రతి ఫోటోకీ అంటుకుంటుంది. అడుగున ఐఎస్ఓ అడాప్టివ్ ప్రీసెట్ అని ఉంటుంది, అది టిక్ చేసి సేవ్ చేయండి. 2020లో వచ్చిన సదుపాయం ఇది. కనీసం రెండు వేర్వేరు ఐఎస్ఓల ఫోటోలు సెలెక్ట్ అయి ఉంటేనే ఆ టిక్ పనిచేస్తుంది. ఇక మధ్యలో ఐఎస్ఓ 2000 వచ్చినా, 5000 వచ్చినా అటూ ఇటూ ఉన్న అంకెల మధ్య అదే లెక్కకడుతుంది. అన్నిటికన్నా కిందది 400 కాబట్టి 100కి కూడా 400 అంకెలే, 12800 పైన అంతా 12800 అంకెలే.

ఇప్పుడు ప్రిఫరెన్సెస్ తెరిచి ప్రీసెట్స్ ట్యాబ్‌కి వెళ్ళండి. రా డిఫాల్ట్స్‌లో గ్లోబల్ (అన్ని కెమెరాలకీ కలిపి ఉండేది) అన్నది అడోబీ డిఫాల్ట్‌గానే ఉంచి, కింద ఒక్కో కెమెరాకి విడిగా పెట్టుకునే ఓవర్‌రైడ్ గడి టిక్ చేయండి. మీ కెమెరా మోడల్ ఎంచుకుని, దానికి ఈ ప్రీసెట్ ఇచ్చి, క్రియేట్ డిఫాల్ట్ నొక్కండి. గ్లోబల్‌కే ఇచ్చేయొచ్చు కదా అనిపిస్తుంది. రెండో కెమెరా సెన్సర్ వేరే సైజుదైతే ఈ అంకెలు దానికి సరిపోవు. పెళ్ళిళ్ళలో మనతో పాటు తీసిన ఇంకో ఫోటోగ్రాఫర్ ఫైళ్ళు కూడా మన కంప్యూటర్‌లోకే వస్తాయి. కెమెరాకి కెమెరా వేరుగా ఉంచడమే మంచిది.

ఇంపోర్ట్ చేసేటప్పుడు డెవలప్ సెట్టింగ్స్ దగ్గర నన్ (ఏదీ వద్దు) అని ఉందో లేదో చూడండి. అక్కడ ఇంకేదైనా ప్రీసెట్ ఉంటే అది మన డిఫాల్ట్ మీద ఎక్కి కూర్చుంటుంది. పాత ఫోటోలు వాటంతట అవి మారవు. రీసెట్ నొక్కితే కొత్త డిఫాల్ట్‌కి వస్తాయి, కానీ మీరు చేసిన మిగతా ఎడిటింగ్ కూడా పోతుంది. అందుకని పాతవాటికి ప్రీసెట్‌నే నేరుగా వేయండి.

డబ్బు పెట్టలేని వాళ్ళకి

డార్క్‌టేబుల్ ఉచితం, ఈ పనికి చాలా గట్టిది. అందులో డీనాయిస్ ప్రొఫైల్డ్ అనే మాడ్యూల్ ఉంటుంది. ఒక్కో కెమెరా మోడల్ ఒక్కో ఐఎస్ఓ దగ్గర ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి పెట్టిన ప్రొఫైళ్ళు దాంట్లో ఉన్నాయి. మీ కెమెరా ఆ జాబితాలో ఉంటే సగం పని అయిపోయినట్టే. స్ట్రెంత్ మొదట 1 ఉంటుంది. నాకు అది ఎక్కువ అనిపిస్తుంది, 0.6 దగ్గర మొదలుపెట్టమంటాను. కుదిరాక మాడ్యూల్ మెనూలో కొత్త ప్రీసెట్‌గా దాచి, ఆటో అప్లై గడి టిక్ చేయండి. అక్కడ కెమెరా మోడల్, ఐఎస్ఓ ఎంత నుంచి ఎంత వరకు అని అడుగుతుంది. 1600 నుంచి 3200కి ఒకటి, ఆపైన ఒకటి చేసుకుంటే చాలు. 800 వరకూ ఏమీ వద్దు. ఇది ఇంకా తెరవని కొత్త ఫోటోలకే పడుతుందని గుర్తుంచుకోండి.

రా థెరపీలో అయితే ప్రిఫరెన్సెస్‌లో డైనమిక్ ప్రొఫైల్ రూల్స్ అని ఉంటాయి. ఫలానా కెమెరా, ఫలానా ఐఎస్ఓ మధ్య ఉంటే ఫలానా ప్రొఫైల్ వేయి అని ఒక్కో వరుస రాసుకుంటూ పోవాలి. రా ఫైళ్ళ డిఫాల్ట్ ప్రొఫైల్‌ని డైనమిక్ అని మార్చకపోతే ఆ రూల్స్ ఏవీ నడవవు.

ఏఐ డీనాయిస్‌ని డిఫాల్ట్‌లో పెట్టకండి

లైట్‌రూమ్‌లో 2023 నుంచి డీనాయిస్ బటన్ ఉంది. డీఎక్స్ఓ వాళ్ళ డీప్‌ప్రైమ్, టోపాజ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇవి నిజంగా గొప్పగా పనిచేస్తాయి, ఐఎస్ఓ 12800లో తీసిన ఫోటోని కాపాడిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. అయినా వీటిని ఫోటో చూడకుండా వందలకి వందలు నడపడం నాకు ఇష్టం లేదు.

టైమ్ పడుతుంది, కంప్యూటర్ వేడెక్కుతుంది, అది ఒక కారణం. అసలు కారణం వేరే. పాత పద్ధతి వివరాన్ని చెరిపేస్తుంది, ఇది లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. దగ్గరగా తీసిన మొహానికి ఆ ఊహ చాలావరకు నప్పుతుంది. బృంద నాట్యంలో వెనక వరసలో చిన్నగా ఉన్న పిల్లల మొహాల దగ్గర తేడా కొడుతుంది. కళ్ళు ఏదోలా అవుతాయి, ముద్ర పట్టిన వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. హంసాస్యం పట్టిన చెయ్యి ఏ ముద్రో తెలియకుండా పోతే ఆ ఫోటో ఆ అమ్మాయికి ఎందుకు? వెనక వరసలో ఉన్న పిల్ల తల్లి ఆల్బమ్‌లో ముందు వెతికేది ఆ పిల్లనే.

అందుకని ఆల్బమ్‌కి ఎంపిక చేసిన వాటికి మాత్రమే దీన్ని వాడండి. లైట్‌రూమ్ డీనాయిస్ 50తో మొదలవుతుంది, నేను 30, 35కి తగ్గిస్తాను. మచ్చలు తుడవడం, మాస్కులు వేయడం లాంటి పనులకంటే ముందే దీన్ని నడపాలి. ఆ తర్వాత మొహాలు, చేతులు 100 శాతంలో ఒక్కసారి చూడండి.

వెలుతురు తక్కువ పడిన ఫోటో

ఇంత చేసినా ఐఎస్ఓని బట్టి నడిచే డిఫాల్ట్‌కి ఒక గుడ్డితనం ఉంటుంది. దానికి ఐఎస్ఓ అంకె తప్ప ఫోటో తెలియదు. 1600లో చీకటిగా తీసి, ఎక్స్‌పోజర్‌ని రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు రెట్టింపు) పెంచితే, ఆ ఫోటోలో నాయిస్ దాదాపు 6400 ఫోటోలో ఉన్నంత ఉంటుంది. డిఫాల్ట్ మాత్రం 1600 అంకెలే వేస్తుంది. అలాంటి ఫోటోలకి 6400 అంకెలతో ఇంకో మామూలు ప్రీసెట్ పక్కన చేసి పెట్టుకోండి. ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపు దాటి పెంచిన ప్రతిసారీ నేను అది నొక్కుతాను. ఎర్ర లైటు, ఊదా లైటు ఫోటోలకి కూడా అదే. ఇంకా గరుగ్గా ఉంటే నలుపు తెలుపు చేయండి, రంగు నాయిస్ బాధ ఉండదు, అభినయానికి అది అందం కూడా.

కెమెరాలో రెండు మెనూలు

హై ఐఎస్ఓ నాయిస్ రిడక్షన్ అని కెమెరాలో ఉండేది మామూలుగా జేపెగ్‌కే పనిచేస్తుంది, రా ఫైల్‌ని ముట్టుకోదు. పత్రికకి అప్పటికప్పుడు జేపెగ్ పంపే వాళ్ళు దాన్ని ‘లో’ (తక్కువ) దగ్గర పెట్టుకోండి.

లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ వేరు. అది రా ఫైల్ మీద కూడా పడుతుంది. ఫోటో తీశాక షటర్ మూసి, అంతే సేపు ఇంకో చీకటి ఫోటో తీసి, మొదటి దాంట్లోంచి తీసివేస్తుంది. కపాలీశ్వర స్వామి తెప్పోత్సవం రాత్రి కోనేటి గట్టు మీద ట్రైపాడ్ పెట్టి ఎనిమిది సెకన్ల ఫోటో తీస్తే, ఇంకో ఎనిమిది సెకన్లు కెమెరా చేతికి రాదు. ఈలోపు తెప్ప ముందుకి వెళ్ళిపోతుంది. ఉత్సవాలకి అది ఆఫ్ చేయండి. సెన్సర్ వేడెక్కిన కొద్దీ తెల్లటి, ఎర్రటి చుక్కలు పెరుగుతాయి. మే నెల చెన్నై రాత్రుల్లో మెరీనాలో తీరిగ్గా తీసుకునేటప్పుడు ఆన్ చేయండి, అప్పుడు తొందర లేదు.

చివరగా ప్రింట్ తీసి చూడండి

స్క్రీన్ మీద 100 శాతంలో కనబడిన గ్రెయిన్ సగం ప్రింట్‌లో కనబడదు. ఐఎస్ఓ 6400 ఫోటో ఒకటి తీసుకుని లూమినెన్స్ 0, 25, 50తో మూడు 8×12 అంగుళాల ప్రింట్లు మీరు ఆల్బమ్‌లు ఇచ్చే ల్యాబ్‌లోనే వేయించండి. మూడింటినీ ఆల్బమ్ చూసేంత దూరంలో పక్కపక్కన పెట్టి, ఫోటోగ్రఫీ తెలియని వాళ్ళెవరినైనా ఏది బాగుందో అడగండి. వాళ్ళు చూపించిన దాన్ని బట్టి మీ అంకెలు సవరించుకోండి. ఫోన్‌లో పంపే వాటికి ఇంకా తక్కువ చాలు. 6000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోటోని 1080కి కుదించినప్పుడు చాలా పిక్సెళ్ళు కలిసి ఒకటవుతాయి, నాయిస్ దానంతట అదే తగ్గిపోతుంది.

అంకెలు ఖాయమయ్యాక ఐఎస్ఓ అడాప్టివ్ ప్రీసెట్‌ని మళ్ళీ సేవ్ చేసి, దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. రెండో కంప్యూటర్‌లో దాన్ని ఇంపోర్ట్ చేసినంత మాత్రాన అది డిఫాల్ట్ కాదు. అక్కడ కూడా ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి, కెమెరా ఎంచుకుని, క్రియేట్ డిఫాల్ట్ నొక్కాలి.